వెలుతురు వైపు

మా అక్క మనవరాలు చిన్నికి ఆరేళ్లు. దాని పేరు మీద ఒక ఛానల్ నడుస్తోంది. పేరు మీద అనకూడదేమో. పదమూడేళ్లు నిండనిదే ఇన్‌స్టాగ్రామ్‌లో సొంతంగా ఖాతా తెరిచే వీల్లేదు కాబట్టి లెక్క ప్రకారం యజమాని వాళ్లమ్మ, అంటే నా మేనకోడలు. ముఖం చిన్నిది, ఖాతా అమ్మది, ఫోను నాన్నది.

ఛానల్ పుట్టింది చెవులు కుట్టించిన నాడు. చిన్నికప్పుడు మూడేళ్లు. కంసాలి తీగ గుచ్చగానే వెంటనే ఏడవలేదు. ఒళ్లో పట్టుకుని కూర్చున్న తండ్రి వంక "నువ్వు కూడానా" అన్నట్టు ఒక చూపు చూసి, పెదవి విరిచి, ఆ తర్వాత గొంతెత్తింది. ఆ చూపు ఫోనుకు చిక్కింది. మొదట చుట్టాల గ్రూపులో పెట్టారు. ఎవరో ముచ్చటపడి బయట కూడా పెట్టమన్నారు. చూసినవాళ్లు లక్షల్లోకి వెళ్లారు. ఆ తర్వాత చిన్ని చేత పద్యాలు చెప్పించారు, కూచిపూడి అడుగులు వేయించారు, ఆవకాయ కలిపించారు.

"ఏం పెట్టినా ఆ చెవుల వీడియోని దాటట్లేదు మామయ్యా. పద్యం పెడితే పెద్దవాళ్లు ఒక దండం బొమ్మ పడేసి పోతారు. ఏడిస్తే అందరూ ఆగి చూస్తారు" అని మేనకోడలు నాతో ఒకసారి వాపోయింది. మనుషుల గురించి అది చెప్పిన మాట అబద్ధం కాదు.

ఈ సంక్రాంతికి అందరం తెనాలి దగ్గర మా అక్కవాళ్ల ఊళ్లో కలిశాం. కారులోంచి ముందు ట్రైపాడ్ దిగింది, తర్వాత రింగ్‌లైట్ దిగింది, ఆ తర్వాత అల్లుడు దిగాడు.

భోగి పొద్దున్నే హరిదాసు వచ్చాడు. తల మీద అక్షయపాత్ర, ఒక చేత తంబురా, ఇంకో చేత చిడతలు. ఆయన మోకాలి మీద వంగితే చిన్ని పట్టులంగా సర్దుకుని పాత్రలో బియ్యం పోసింది. ఆ లంగా ఎవరో దుకాణంవాళ్లు ఉచితంగా పంపింది. "కొలాబ్ తాతయ్యా" అని చిన్నే నాకు అర్థమయ్యేలా చెప్పింది. తీరా చూస్తే పోసేటప్పుడు దాని వీపు కెమెరా వైపు ఉందట.

"స్వామీ, మళ్లీ ఒకసారి గేటు దగ్గర్నుంచి రండి" అంది మేనకోడలు.

కీర్తన తప్ప మాట్లాడకూడదు, ఇల్లు చేరేదాకా పాత్ర దించకూడదు. హరిదాసుల నియమం అది. పాపం కాదనడానికి కూడా నోరు లేదు. గేటు దాకా వెళ్లి మళ్లీ నడిచి వచ్చాడు. ఈసారి చిన్ని ముఖం మీద నీడ పడింది. మూడోసారి పంపితే గేటు దాటి అటే పక్కింట్లోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం భోగిపళ్లు. రేగిపళ్లు, చెరుకుముక్కలు, బంతిరేకలు, చిల్లర అన్నీ కలిపి దోసిళ్లతో చిన్ని నెత్తిన పోస్తుంటే, "చిన్నీ, వెలుతురు వైపు తిరుగు! నవ్వు! కళ్లు మూసెయ్యకు!" అని వాళ్లమ్మ పక్కనుంచి ఒకటే హడావుడి. మా అక్క పోస్తున్నదల్లా ఆగింది.

"భోగిపళ్లు పోసేదే దిష్టి పోవాలని కదే. దిష్టి తీయడాన్ని కూడా లక్షమందికి చూపిస్తే మళ్లీ దానికి ఎవరు తీస్తారు?"

ఎవరూ సమాధానం చెప్పలేదు. రికార్డింగు నడుస్తోంది మరి.

రాత్రి భోజనాల దగ్గర నేనే కదిపాను. మేనకోడలు తడుముకోకుండా, "మీరు చిన్నప్పుడు రేడియోలో పాడలేదూ?" అంది. పాడాను. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అన్నయ్య, అక్కయ్యలై పిల్లల్ని మైకు ముందుకు తెచ్చారు. 1945లో వాళ్లకోసం 'బాల' పత్రిక కూడా పెట్టారు. ఆ వరవడిలోనే మా కాలానికి బెజవాడ స్టేషన్లోనూ పిల్లలకు మైకు దొరికింది. ఇక సురభి వాళ్ల పిల్లలైతే నడక రాకముందే రంగస్థలం ఎక్కేస్తారు. కాబట్టి పిల్లల్ని నలుగురి ముందు నిలబెట్టడం తప్పని నేననను. కానీ స్టూడియో తలుపు మీద ఒక ఎర్రలైటు ఉండేది. అది వెలిగితే పాడేవాళ్లం, ఆరితే జుట్లు పట్టుకుని కొట్టుకునేవాళ్లం. ఆ కొట్లాట ఏ ఊరికీ వినిపించేది కాదు. ఈ మాటే దానితో అన్నాను.

"మాకూ స్టాప్ బటన్ ఉంది కదా మామయ్యా" అంది.

పేపరు చదివే అలవాటు ఊరుకోనివ్వదు. ఫ్రాన్సువాళ్లు 2020లోనే చట్టం చేశారని, 16 ఏళ్లలోపు పిల్లల వీడియోల మీద వచ్చే డబ్బులో భాగం వాళ్ల పేరనే దాచాలని, ఫలానా వీడియో తీసేయండని అడిగే హక్కు కూడా పిల్లలకు ఇచ్చారని చెప్పాను. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జూలై నుంచి పిల్లల వాటా పక్కన పెట్టాల్సిందే. ఆ చట్టం కావాలని సెనేటర్‌ దగ్గరికి వెళ్లింది ఒక హైస్కూలు అమ్మాయి. ఆమె ఊరి పేరు నార్మల్. మరి మన దగ్గరో? కంపెనీలు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది 2023 చట్టం.

"మా అనుమతి ఉందిగా మావయ్యగారూ" అని అల్లుడు హాయిగా నవ్వి పెరుగు వేసుకున్నాడు. పిల్ల అనుమతి సంగతి ఎత్తబోయాను గానీ అది అప్పటికే వాళ్లమ్మమ్మ ఒళ్లో నిద్రపోయింది.

కనుమ నాడు మినుము తినాలి కదా, మధ్యాహ్నం వంటింట్లో గారెలు వేస్తున్నారు. మేనకోడలి రెండు చేతులకూ పిండే. ఫోను ఎక్కడో ఛార్జింగులో ఉంది. ఆ ఒక్క పూటా చిన్నికి సెలవు దొరికింది. పాత గౌను వేసుకుని, జుట్టు విరబోసుకుని వీధి పిల్లలతో గాలిపటం వెంట పడింది. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. చాన్నాళ్లకు పిల్ల పిల్లలా కనబడింది.

పక్కింటి ముగ్గులో గొబ్బెమ్మను తప్పించబోయి సిమెంటు రోడ్డు మీద బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నేను పరుగున వెళ్లేసరికి రక్తం పాదం దాకా కారుతోంది. కళ్లనిండా నీళ్లు, అయినా ఒక్క చుక్క జారనివ్వదు. పళ్ల బిగువున లేచింది. ఎత్తుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. తోటిపిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. మా తరంలో ఈపాటి దెబ్బకు ఊరు ఏకం చేసేవాళ్లం. ఎంత గట్టి పిల్లరా అనుకున్నాను. కుంటుకుంటూనే మెట్లెక్కి, హాల్లో అమ్మమ్మ చాచిన చేతులు దాటుకుని, నేరుగా వంటింట్లోకి వెళ్లింది. వెనకే నేను.

తల్లి దగ్గరికి పోయి కొంగు పట్టుకుంటుందనుకున్నాను. పోలేదు. కిటికీలోంచి ఎండ పడే చోటు చూసుకుని అక్కడ నిలబడింది. దెబ్బ తగిలిన మోకాలు ముందుకు పెట్టి, ముఖం వెలుతురు వైపు తిప్పింది. గడ్డం వణుకుతోంది.

"అమ్మా, తొందరగా ఫోను తెచ్చుకో. ఇంక ఆపుకోలేను, ఏడుపొచ్చేస్తోంది."