వీసీ సూత్రానికి టీకాతాత్పర్యాలు

మూలం: “సార్, ఆడిబులేనా?”

అవతారిక: వీడియో కాన్ఫరెన్సు (వీసీ) అనే మహాశాస్త్రానికి ఇది ఆదిసూత్రం. తహశీల్దారు కార్యాలయం గడప తొక్కినవారికి ప్రతిపదార్థం అక్కర్లేదు. వినబడకపోతే ప్రశ్నే చేరదు, వినబడితే ప్రశ్నతో పనిలేదు. అయినా ప్రతి వీసీకీ ఇదే మొదలు గనుక మంగళాచరణంగా గ్రహించాలి.

వ్యాఖ్య: వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని తార్కికుల మతం. సన్నిధి అంటే పదాలను ఎడం లేకుండా పలకడం. ఆవును తెమ్మనే మాటల్ని జాముకొకటి చొప్పున పలికితే బోధ కలగదని తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలోనే తర్కసంగ్రహంలో తేల్చాడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం తన జీ.114 సిఫారసులో ఇదే సంగతిని లెక్కకట్టింది: మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే మేలు, 400 మాత్రం దాటరాదు. జాము ఎక్కడ, మిల్లీసెకను ఎక్కడ! సిద్ధాంతం మాత్రం ఒక్కటే. యోగ్యత ముచ్చట ఇంకా రుచికరం. నిప్పుతో తడపమంటే ఆ వాక్యానికి యోగ్యత లేదని అన్నంభట్టే అన్నాడు. సిబ్బందినంతా పూటంతా తెరముందు కూర్చోబెట్టి, ఫైళ్లెందుకు కదల్లేదని అదే తెరమీద నిలదీయడం ఈ కోవలోదే.

ఇక యంత్రం. వీసీల కోసం 1996లో వచ్చిన హెచ్.323 ప్రమాణంలో పలుచోట్లను కలిపే ఎంసీయూ అనే విభాగానికి స్థానముంది. అది గదిలోని పెట్టెలోనే ఇమిడి ఉంటే, బయటి సర్వరు లేకుండానే కొన్నిచోట్లను కలపవచ్చు. అందరినీ గళ్లలో చూపే పద్ధతి ఒకటి, గొంతు వినబడినవారినే తెరకెక్కించే పద్ధతి ఒకటి. రెండోదానికి పండితపామర భేదం లేదు. ఏ మండలంలో దగ్గితే ఆ మండలమే రాష్ట్రానికంతటికీ దర్శనమిస్తుంది. అందుకే అందరి మైకులూ మ్యూట్ చేస్తారు. అంటే, పదిమందీ మాట్లాడుకోవడానికి కొన్న పరికరం ఒక్కరి దండోరాకు పనికొస్తోంది.

పూర్వపక్షం: జిల్లాలనుంచి రాజధానికి ప్రయాణాలు తప్పాయి కదా, డీజిలూ రోజూ మిగిలాయి కదా అంటారా? నిజమే. అయితే ప్రయాణ ప్రయాస ఉన్నరోజుల్లో సమావేశం పెట్టేముందు అవసరమేమిటని ఆలోచించేవారు. ఇప్పుడు మీట నొక్కితే చాలు గనుక ఆ ఆలోచనా మిగిలిపోయింది. మిగిలిన రోజును మరో రెండు వీసీలు తినేస్తున్నాయి. నోటితో చెబితేనే ఆదేశానికి బలం అంటారా? అవే అంశాలు సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో దిగుతాయి, ఇది పునరుక్తి. అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి పట్టిన వ్రతం వ్యాఖ్యాతలకే పరిమితమైపోవడం మన దురదృష్టం.

తాత్పర్యం: జవాబు వినదలచుకుంటేనే వీసీ పెట్టాలి, చెప్పి ఊరుకునేదానికి కాగితం చాలు.

ఫలశ్రుతి: పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి వచ్చిన రైతుకు “సారు వీసీలో ఉన్నారు, రేపు రా” అనే సమాధానం.