అరవాల్సిందీ వీళ్లే, దాచాల్సిందీ వీళ్లే!

లెక్కలు మేమే చూస్తాం. పన్ను మేమే తగ్గిస్తాం. చిక్కొస్తే లాయర్లమూ మేమే. రండి బాబూ రండి, అన్నీ ఒకే గొడుగు కింద!

డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ. ప్రపంచ ఆడిట్ వ్యాపారాన్ని ఏలే చతుష్టయం. ముందు ‘దుష్ట’ అని మీకు వినబడితే మా పూచీ లేదు. బ్రిటన్‌లో 2014 నుంచి ఒక్కొక్కరే న్యాయసేవల లైసెన్సు పుచ్చుకున్నారు. 2025 ఫిబ్రవరిలో అమెరికాలోని అరిజోనా సుప్రీంకోర్టు కేపీఎంజీకి పచ్చజెండా ఊపింది. ఇదంతా క్లయింటు సౌకర్యం కోసమట! అబ్బో, ఎంత ప్రేమో!

ఆడిటర్ పనేమిటి? తప్పు కనబడితే అరవడం. లాయర్ పనేమిటి? క్లయింటు గుట్టు కడుపులో దాచుకోవడం. పెద్ద మోసం కనబడితే ప్రభుత్వానికి చెప్పి తీరాలని మన కంపెనీల చట్టం 143వ సెక్షన్ ఆడిటర్‌ను ఆదేశిస్తుంది. క్లయింటు చెప్పింది బయటపెట్టొద్దని భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ లాయర్‌ను కట్టేస్తుంది. ఇద్దరికీ బోర్డు ఒకటే, గల్లాపెట్టె ఒకటే అయితే ఎవరి నోరు ముందు మూతపడుతుంది? ‘మధ్యలో గోడ కట్టాం’ అంటారు. సరే, ఆ గోడకు తలుపులెన్ని?

ఇది మన అనుమానం కాదు. ఆస్ట్రేలియాలో మాంసం దిగ్గజం జేబీఎస్ వ్యవహారంలో పన్నుల శాఖ కాగితాలు అడిగింది. పీడబ్ల్యూసీ తయారీలో చేయి పెట్టిన వేల పత్రాల మీద ‘లాయర్-క్లయింటు రహస్యం’ అనే తాళం పడింది. శాఖ కోర్టుకెక్కింది. మచ్చుకు 116 పత్రాలు తెరిచారు. 2022లో తీర్పొచ్చింది. 49 పత్రాలకు పూర్తిగా, ఆరింటికి కొంతవరకు ఆ రక్షణ ఉంది. మిగతా 61కి? బొత్తిగా లేదు!

మరుసటి ఏడాదే పీడబ్ల్యూసీ భాగోతం ఇంకోటి బయటపడింది. కొత్త పన్ను చట్టాలపై అక్కడి ప్రభుత్వానికి సలహా ఇస్తూ విన్న రహస్యాలను, క్లయింట్లను పట్టుకోవడానికి వాడుకున్నారు. క్లయింటు గుట్టయితే పవిత్రం. ప్రభుత్వం గుట్టయితే సరుకు. ఏం నీతండీ!

ఆడిటర్ మౌనం ఖరీదెంతో హైదరాబాద్‌కు వేరే చెప్పాలా? సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో ఉత్తుత్తి నగదు పేరుకుపోతుంటే పీడబ్ల్యూసీ కుటుంబానికే చెందిన ప్రైస్ వాటర్‌హౌస్ ఏటా సంతకం పెడుతూనే పోయింది. 5,040 కోట్ల నగదు ఉత్తదేనని 2009 జనవరి 7న లోకానికి చెప్పిందెవరు? ఆడిటర్ కాదు. సాక్షాత్తూ కంపెనీ చైర్మన్ రామలింగరాజు! దొంగే వచ్చి చెబితే గానీ కాపలావాడికి మెలకువ రాలేదు. అలాంటి కాపలావాడికి ఇప్పుడు నల్లకోటు కూడానా?

మన చట్టం ఏం చేస్తోంది? వాదించడమే కాదు, న్యాయ సలహా ఇవ్వడమూ న్యాయవాద వృత్తేనని విదేశీ లా సంస్థల కేసులో సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. బాగుంది. కానీ ఆడిట్ చేసే కంపెనీకి ఏ సేవలు అమ్మకూడదో చెప్పే కంపెనీల చట్టం 144వ సెక్షన్ చూడండి. ఖాతాలు రాయడం ఉంది, అంతర్గత ఆడిట్ ఉంది, పెట్టుబడి సలహా ఉంది. న్యాయసేవ? పేరుపెట్టి లేదు! లెక్కల మోసంతో ఎన్రాన్ కంపెనీ కూలాక అమెరికా 2002లోనే ఆ నిషేధం రాసుకుంది. సత్యం కూలాక 2013లో కొత్త చట్టం రాసుకున్న మనకు మాత్రం ఆ మాట గుర్తురాలేదు.

జాబితాను పెంచే అధికారం ఆ సెక్షన్‌లోనే కేంద్రానికి ఉంది. ఒక్క వాక్యం చాలు. మరి ఎందుకింత ఆలస్యం? లేక ఆ వాక్యం రాసిపెట్టడానికి కూడా ఈ నలుగురినే కన్సల్టెంట్లుగా పెట్టుకోవాలా?