నా దాంట్లో ఆడిందే!

కావలి నుంచి ముత్తుకూరు దాకా సముద్రం పక్కన రొయ్యల గుంటలున్న చోటల్లా ఒక మేత కొట్టు ఉంటుంది, ఒక మందుల కొట్టు ఉంటుంది, ఈ మధ్య ఒక లెక్కల బాబు కూడా ఉంటున్నాడు. ఊరు మారినా మనిషి మారడు. మెడలో కార్డు, జేబులో పెన్‌డ్రైవు, నోట్లో ఎప్పుడూ ఒకే మాట: "నా దాంట్లో ఆడిందే!"

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చి గుంటలు పెరిగాక, మేత బస్తాలూ ఉప్పుశాతాలూ నోటుబుక్కుల్లో ఇమడక ఎక్సెల్‌లోకి ఎక్కాయి. ఎక్సెల్ చాలదని ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాడు ఇతను. ఆర్‌లో ఒక ఫైల్లోంచి ఇంకో ఫైలును పిలవడానికి 'సోర్స్' అనే ఆదేశం ఉంది. పేరు రాస్తే చాలు, ఆ ఫైలు వచ్చి తన పని చేసిపోతుంది. నిజానికి మంచి పద్ధతే. పొడుగాటి ప్రోగ్రాము ముక్కలుగా ఉంటే చదవడం సుఖం. మనవాడు ఆ సుఖానికి రుచి మరిగాడు. అందుకే ఆఫీసులో అందరూ 'సోర్సు సారు' అంటారు.

సోర్సు సారు మాస్టరు ఫైలు తెరిస్తే అందులో పని చేసే వరుస ఒక్కటీ కనపడదు. శుభలేఖలు పంచి పెళ్లికొడుకును మరిచిపోయినట్టు, అన్నీ పిలుపులే. మాస్టరు పోయి శుభ్రం చేసే ఫైలును పిలుస్తుంది. అది మేత లెక్కను పిలుస్తుంది, మేత లెక్క గ్రాఫును పిలుస్తుంది. గ్రాఫేమో 'పాతవి' అనే ఫోల్డర్లో 'ఫైనల్ 2 అసలు ఫైనల్' అనేదాన్ని తట్టి లేపుతుంది. అందులో ఏముందో సారుకే తెలీదు. "తీసేస్తే ఆగిపోతుందన్నా, గమ్మునుండు" అంటాడు.

మాస్టరు ఫైలు మొదటి వరుస ఆయన కంప్యూటర్ డెస్క్‌టాప్ చిరునామా. 2017లో జెన్నీ బ్రయన్ అనే ఆర్ నిపుణురాలు, తమ మిషన్లో తప్ప ఇంకెక్కడా లేని చిరునామాతో ప్రోగ్రాము మొదలుపెట్టేవాళ్ల ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తగలబెడతానని హెచ్చరించింది. ఆవిడ ఇంకా నెల్లూరు రాలేదు కాబట్టి సోర్సు సారు కంప్యూటర్ క్షేమంగా ఉంది. పక్క బల్ల మీద నడిపితే మాత్రం, అట్లాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదని ఎర్రక్షరాలు. పిలిచే ఫైలు పక్కనే పిలిచిన ఫైలూ ఉంది, కళ్లకు కనపడుతోంది. కానీ ఆర్ వెతికేది ప్రోగ్రాము ఉన్న చోట కాదు, తాను ఆ పూట ఏ ఫోల్డర్లో కూర్చుందో అక్కడ. సారు నిర్ధారణ వేరు: "నీ సిస్టం పాతదన్నా, మార్చు."

ఇంకో ముచ్చట. వరుస వరుసగా నడిపితే గ్రాఫు వస్తుంది, మాస్టరులోంచి పిలిస్తే రాదు. సోర్స్‌తో పిలిచిన ఫైలు తన జవాబుల్ని తనంతట చూపించదు, ప్రింట్ అని అడగాలి. ఆ ఒక్క మాట రాయడానికి బదులు సారు ఓల్టేజీని తిట్టి స్టెబిలైజర్ కొనిపించాడు. అదీ ఆడుతోంది, గ్రాఫు తప్ప.

మరి ఆయన దాంట్లో అన్నీ ఎట్టా ఆడతాయంటారా? ఆర్‌ను మూసేటప్పుడల్లా 'ఇప్పటిదాకా ఉన్నవి దాచమంటావా' అని అడుగుతుంది. సారు ఏనాడూ వద్దనలేదు. పోయిన పంట అంకెలు, అంతకుముందు పంట అంకెలు, అన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి. మధ్యలో ఒక వరుస పోయినా పాత అంకె వచ్చి దాని కుర్చీలో కూర్చుంటుంది. ఆగిపోయే ప్రోగ్రాము కన్నా ఇట్టా ఆడే ప్రోగ్రాముకే నేను ఎక్కువ భయపడతాను.

భయపడ్డట్టే జరిగింది. రొయ్యల వాళ్లకు కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలని. వంద కౌంటు చిన్నది, ముప్పై కౌంటు పెద్దది. సారు ఒక ఫైల్లో ఆ అర్థంతోనే 'కౌంటు' రాశాడు. గ్రాఫు ఫైల్లో అదే పేరుకు గుంటల సంఖ్య పెట్టాడు. పిలిపించుకున్న ఫైలు తనను పిలిచినదాని అంకెను తొక్కేసి పోయింది. రైతుకు అందిన రిపోర్టులో కౌంటు నాలుగు, అంటే ఒక్కో రొయ్య పావుకిలో. పెద్దాయన కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "ఏందబ్బయా, నా గుంటలో ఎండ్రకాయల్ని గానీ వదిలారా?"

దొరికిపోయినప్పుడల్లా సోర్సు సారు రాకెట్లను తోడు తెచ్చుకుంటాడు. శ్రీహరికోట దగ్గర్లో ఉండటంతో వచ్చిన ధైర్యం. "1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియన్-5 లేచిన నలభై సెకన్లకే పేలిపోయింది పెదనాయనా. ఎందుకో తెలుసునా? ఏరియన్-4కు రాసిన ముక్కను తెచ్చి ఇందులో వాడారు. పెద్ద అంకె వస్తే దానికి పట్టలా. అంతటోళ్లకే తప్పలేదు!" కథ నిజమే. కానీ వాళ్లు విచారణ సంఘం వేసి కారణం తేల్చారు. సారు స్టెబిలైజర్ కొనిపించాడు.

చిక్కు విప్పింది ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివి కొత్తగా చేరిన అమ్మాయి. ముందు ఆర్‌ను మూసి, దాచమంటావా అంటే వద్దని, ఖాళీ పొట్టతో మళ్లీ తెరిచింది. ప్రతి ఫైలు మొదట్లో 'మొదలు' అని, చివర్లో 'అయిపోయింది' అని ఒక్కో వరుస చేర్చింది. మొదలై ముగియని ఫైలేదో అదే పట్టిచ్చింది. ఒక్కో ఫైలు ముగిశాక కౌంటు ఎంతుందో కూడా అక్కడే చూపించమంది. ముప్పైతొమ్మిదిగా లోపలికెళ్లింది గ్రాఫు ఫైల్లోంచి నాలుగై బయటికొచ్చింది. "సారూ, రెండు కౌంట్లకు రెండు పేర్లు పెడదామా?" అంది మెల్లగా.

"నా దాంట్లో ఆడిందే!" అన్నాడు సారు.

ఇదంతా తేలేలోపు పెద్దాయన గుంట దగ్గరికెళ్లి, విసురు వల వేసి, కాటా మీద తూచి, లెక్కపెట్టి తిరిగొచ్చాడు. "నలభై రెండు కౌంటు. రాసుకో."

"ఆగు పెదనాయనా, దీనికి వేరే ఫైలు పెట్టాల" అంటూ సోర్సు సారు కొత్త ఫైలు తెరిచాడు. 'పెదనాయన ఫైనల్' అని పేరు పెట్టి, డెస్క్‌టాప్ మీద దాచి, అందులో ఒక్క వరుస కొట్టాడు: కౌంటు సమానం 42. పెద్దాయన అప్పటికే ఏజెంటుకు ఫోను కలిపి రేటు అడుగుతున్నాడు.