టీవీకి చెప్పుకున్న గోడు

ఆఫీసులో నా ఉద్యోగం నెట్‌వర్క్ స్విచ్‌లు ఏం గొణుగుతున్నాయో వినడం. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క స్విచ్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత సిస్కోది, 24 పోర్టులు. మాకు ఐదు చాలు. "మిగతావెందుకండీ?" అంటే "ఎక్స్‌పాన్షన్‌కి" అన్నాను. ఆ మాట మా ఆవిడ ఇప్పటికీ నా పొట్ట చూసినప్పుడల్లా వాడుతుంది.

రోజూ సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, సరిగ్గా తన మీటింగ్ మధ్యలో నెట్ పోతోందట. నేనొచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. "లాగ్స్ చూసి చెప్తా" అన్నాను, స్కానింగ్ రిపోర్టు తెమ్మనే డాక్టరు గొంతుతో.

స్విచ్ తన గోడు తన మెమరీలోనే రాసుకుంటుంది గానీ, కరెంటు పోతే అదీ పోతుంది. అందుకే ఇంకో యంత్రానికి పంపమని చెప్పాలి. మూడు నెలల కిందటే చెప్పాను. లాగింగ్ హోస్ట్ 192.168.1.20. మూలనున్న పాత ల్యాప్‌టాప్ అడ్రసు అది.

తెరిచి చూస్తే మొదటి వారం తర్వాత ఒక్క లైను లేదు. అడ్రసు ఖాయం చేయకుండా రౌటర్ దయకి వదిలేశాను. అది 20ని టీవీకి ఇచ్చేసింది. సిస్‌లాగ్ కబుర్లు వెళ్లేదేమో యూడీపీలో, 514వ పోర్టుకి. పంపడమే తప్ప అందిందా అని అడగదు. పైగా పోర్టు పడినా లేచినా స్విచ్ లెక్కలో 3వ స్థాయి, అంటే 'ఎర్రర్'. టీవీ కట్టేసినప్పుడల్లా, టీవీ ఆగిపోయిందన్న కబురు టీవీకే పంపింది పిచ్చిది.

పోనీ స్విచ్‌లోనే ఏమైనా మిగిలిందేమోనని చూశా. ప్రతి లైనుకీ మార్చి 1, దాని ముందో నక్షత్రం. ఈ టైము నమ్మొద్దని దానర్థం. గడియారం అడిగితే 1993 అంది. టైము సరిచేసే ఎన్‌టీపీ నేను పెడితేగా! మర్నాడూ మార్చి 1. మూడో రోజూ అదే. సాఫ్ట్‌వేర్‌లో బగ్గేమోనని నేను గూగుల్ గాలిస్తుంటే, మా ఆవిడ వెనక నుంచి తొంగిచూసి, "రోజూ ఒకటో తారీఖే అంటే రోజూ కొత్తగా పుడుతోందన్నమాట. అత్తయ్య గ్రైండర్ పెట్టేది దీని ప్లగ్గు తీసే కదండీ" అంది.

మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లకి ఇడ్లీ పిండి మా అమ్మదే. వెళ్లి అడిగా. "వంటింట్లో ప్లగ్గు వదులైంది చూడరా అని సంక్రాంతి నుంచి చెప్తున్నా. ఊఁ అంటావు, పోతావు" అంది.

ఆ రాత్రే కూర్చుని అన్నీ సరిచేశా. ల్యాప్‌టాప్ అడ్రసు ఖాయం చేశా. ఎన్‌టీపీ పెట్టా. అది కుదురుకునే లోపు వచ్చే లైన్లకి ల్యాప్‌టాపే తన టైము వేసుకునేలా చూశా. ఇప్పుడు లాగ్ అద్దంలా ఉంది. మొన్న సాయంత్రం 5:38:15కి 'సిస్టం రీస్టార్టెడ్', 5వ స్థాయి. నిన్న 5:42:40కి. వంటింటి ప్లగ్గు ఇంకా వదులుగానే ఉంది.