కాటా మీద కొంగ

లాయరు చదరంగం ఆడితే మేధావి అంటారు. డాక్టరు వయొలిన్ పట్టుకుంటే కళాహృదయం అంటారు. కొట్టువాడు గల్లాపెట్టె ముందు కూర్చుని కొంగల గురించి పుస్తకం తిరగేస్తే మాత్రం, పాపం బేరాల్లేవు కాబోలు అని జాలిపడి పోతారు. వ్యాపారికి సరుకు మీద తప్ప లోకం మీద ధ్యాస ఉండకూడదన్నది ఎవరు పెట్టిన నియమమో తెలీదు గానీ, ఉప్పు మళ్ల ఊరైన మా నౌపడలో ఉప్పు అమ్ముకునేవాడికి అది బొత్తిగా కుదరదు. మనిషి రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ లెక్కన ఒక ఖాతాదారు మొత్తం ఏడాది బేరం రెండు కిలోలకు తక్కువ. ధర సగానికి దించితే ఎవడూ పప్పులో రెట్టింపు వేసుకోడు, రెట్టింపు చేస్తే ఎవడూ చప్పిడి తినడు. ఉప్పు పన్ను కోసం తెల్లదొరలు ఒకప్పుడు దేశం మధ్యన వందల మైళ్ల ముళ్లకంచె పెంచి, వేలమంది జవాన్లను కాపలా పెట్టి, 1879లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు జీఎస్టీ వాళ్లు అదే ఉప్పుకు సున్నా శాతం రాసి మొహం తిప్పుకున్నారు. సర్కారుకే పట్టని సరుకు గురించి వ్యాపారి మాత్రం రోజంతా ఏం ఆలోచిస్తాడు? లోకం గురించి ఆలోచిస్తాడు. నా వాదన ఇంకాస్త ముందుకు పోతుంది: లోకాన్ని తెలుసుకోవడానికి కొట్టువాడి చూపే సరైన చూపు. ఏ సరుకు వచ్చినా వాడు మూడే అడుగుతాడు. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు మోశారు, దారిలో తరుగెంత. ఈ మూడు ప్రశ్నలకు నిలబడని జ్ఞానం లోకంలో చాలా చెలామణీలో ఉంది.

మచ్చుకు మన సామెతనే కాటా మీద పెడదాం. ఉప్పమ్మబోతే వాన, పిండి అమ్మబోతే గాలి అంటారు. పుట్టు దురదృష్టవంతుడికి గుర్తుగా తరతరాలుగా వాడేస్తున్నారు, బిల్లు అడిగినవాడు లేడు. ఉప్పు మళ్లు పండేది ఎండ కాసే నెలల్లో, సంక్రాంతి దాటినప్పట్నుంచి జూను దాకా. వాన పడిందంటే మళ్లన్నీ చెరువులే, కొత్త సరుకు రాదు. అప్పటికే కొఠారులో రాశి పోసి పైన కప్పించి పెట్టినవాడికి ఆ వాన నష్టమా, లాభమా? నెత్తిన తట్ట పెట్టుకుని వీధులు తిరిగేవాడికీ, మడిలో గోకేవాడికీ అది కన్నీళ్లే, కాదనను. కానీ గోదాము ఉన్నవాడు చూరు కింద నిలబడి, పైకి అయ్యో అంటూ, లోపల ధర లెక్క వేసుకుంటాడు. ఆ సామెత కట్టినవాడికి గోదాము లేదన్నమాట. మరి తుపాను సంగతేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 2018 అక్టోబరు 11న తిత్లీ మా ఎగువన పలాస దగ్గర తీరం దాటినప్పుడు వానా గాలీ రెండూ కలిసే వచ్చాయి. అలాంటి నాడు ఉప్పువాడూ పిండివాడూ ఒకే చూరు వెతుక్కుంటారు, ఆ చూరు ఉంటే. ఆ ఒక్కరోజుకి సామెత పూర్తిగా చెల్లుతుంది.

వేమన సంగతీ అంతే. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒకటే, రుచి చూస్తే వేరని ఆయన తేల్చాడు. మహానుభావుడు, గోదాములో ఒక శ్రావణమాసం గడిపి ఉంటే నాలికతో పని పడేది కాదు. కర్పూరం గాలిలో కలిసి తూకం తగ్గుతుంది, కల్లుప్పు గాలిలో తేమ తాగి తూకం పెరుగుతుంది. జాడీలో ఉప్పు చెమర్చడం ఇంటావిడ మూత పెట్టకపోవడం వల్లేనని నిందలేసే మగవాళ్లు ఒక సంగతి గమనించాలి. అసలు దోషి మెగ్నీషియం. సముద్రపు నీటిని హైడ్రోమీటరు మీద చూస్తే మూడు డిగ్రీల చిల్లర ఉంటుంది. మడి నుంచి మడికి మారుస్తూ ఎండబెడితే చిక్కబడి 25 దగ్గర ఉప్పు గింజ కడుతుంది. మిట్టమధ్యాహ్నం గాలి నిలిచిపోతే నీటి పైన పల్చటి పొర తేలుతుంది, వేలు పెట్టగానే విరిగి అడుక్కి దిగుతుంది. ముప్ఫై దాకా పోనిస్తే మెగ్నీషియం లవణాలూ దిగి సరుకు చేదెక్కుతుంది. అందుకే ఆ అడుగు నీటిని వదిలేస్తారు. ఎంత వదిలినా గింజకు కాస్త అంటుకునే ఉంటుంది, గాలిలో తేమ కనబడితే అదే ముందు ఎగబడుతుంది. బస్తాలో కొట్టువాడు నీళ్లు చల్లితే తూనికల శాఖ పట్టుకుంటుంది. ఉప్పు తనంతట తాను నీళ్లు చల్లుకుంటే ప్రకృతి అంటారు. ఇంతకీ ఆ డిగ్రీల కొలత పెట్టిన ఆంట్వాన్ బోమె ఎవరనుకున్నారు? ప్యారిస్‌లో మందుల కొట్టు నడిపినవాడు. 1768లో నూటికి 15 పాళ్లు ఉప్పు కలిపిన నీటిని 15 అని గీత పెట్టి లెక్క మొదలెట్టాడు. కొట్టువాడికి శాస్త్రమెందుకని ఆనాడు ప్యారిస్‌లో ఎవరైనా అతన్ని అడ్డుకుని ఉంటే, మా మళ్లల్లో ఈనాటికీ నాలికలతోనే డిగ్రీలు చూసుకునేవాళ్లం.

రైలు విషయంలో వ్యాపారి చూపుకి ఇంకా పని ఉంది. నౌపడ జంక్షన్ అనగానే పాతవాళ్లందరికీ గుణుపూర్ చిన్నబండి గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయి. పర్లాకిమిడి రాజావారు తన రాజధానిని మెయిన్ లైనుకి కలపాలని సొంత ఖర్చుతో వేయించిన రెండున్నర అడుగుల లైను, 1900లో నడక మొదలెట్టింది. మొదటి పదేళ్లూ నష్టాలే. మామూలు సేటయితే మూడో ఏటికే పట్టాలు పాత ఇనుముకి అమ్మేసేవాడు. రాజావారు కూర్చున్నారు, లాభం వచ్చింది, 1931కి లైను గుణుపూర్ దాకా సాగింది. ఇంతవరకు అందరూ చెప్పుకునే కథే. తరుగు సంగతి ఎవరూ చెప్పరు. ఆ బండి పట్టాలు రెండున్నర అడుగులు, మెయిన్ లైను ఐదున్నర అడుగులు. అటు బస్తా ఇటు రావాలంటే నౌపడలో దించాలి, మళ్లీ ఎక్కించాలి. కొక్కెం గుచ్చిన ప్రతిచోటా గుప్పెడు సరుకు నేలపాలు, పైన రెండుసార్లు హమాలీ. కిలో రూపాయల్లో పలికే జీడిపప్పయితే ఓర్చుకోవచ్చు గానీ, ఉప్పుకి సరుకు ధర కంటే మోత ధర ఎక్కువయ్యే ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది. 2004లో చిన్నబండి ఆపి, 2011లో పెద్ద పట్టాల మీద మళ్లీ నడిపినప్పుడు జ్ఞాపకాలున్నవాళ్లు ఏడ్చారంటే అర్థముంది. బస్తాలున్నవాళ్లు ఏడవలేదు.

ఇక కొంగలు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీదా తుమ్మల మీదా ఏటేటా గూళ్లు కట్టే గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని సైబీరియా పక్షులని ఊరంతా చెప్పుకుంటుంది. ఏటి బావూ, ఉప్పమ్ముకున్నోడికి పిట్టల గోలెందుకు అంటారా? మొదటి ప్రశ్న వదిలిపెట్టనివ్వదు కనక. ఎక్కణ్ణుంచి వచ్చింది? సైబీరియా నుంచి శీతాకాలం గడపడానికి వచ్చే పక్షి ఇక్కడ గుడ్లు పెట్టదు, తిరిగెళ్లి వేసవిలో అక్కడే పెడుతుంది. ఇవి మన కళ్లముందే గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లల్ని పెంచి తీసుకుపోతాయి. పురిటికి ఆడపిల్ల ఎక్కడికి వస్తుంది? పుట్టింటికి. అంటే పుట్టిల్లు తేలినీలాపురమే, సైబీరియా అత్తారిల్లు కూడా కాదు. పక్షి శాస్త్రం చదివినవాళ్లూ ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా వాసులేనని చెబుతారు. మరి సైబీరియా ఎలా అంటుకుంది? ఇది వ్యాపారికి తప్ప ఇంకొకరికి తట్టదు: దూరం పేరు చెబితే సరుకు ధర పెరుగుతుంది. పక్కూరి కొంగని చూడ్డానికి బస్సెక్కి ఎవడొస్తాడు?

ప్రతిదాన్నీ ధరతో కొలిచే చూపు అందాన్ని చంపేస్తుందని పెద్దమనుషులు ఆక్షేపిస్తారు. పైన చెప్పినవాటిలో చచ్చిన అందం ఏదో చూపించమనండి. సైబీరియా తీసేస్తే కొంగకి ఒక్క ఈక రాలలేదు, పైగా మన ఊరి పిల్లే అయింది. ధర వల్ల కళ్లు మూసుకుపోయేది కొనేవాడికి. ఎందుకంటే వాడు లేబుల్ చదువుతాడు, అమ్మేవాడు మూటలోకి చూస్తాడు. హిమాలయన్ ఉప్పు పేరుతో వచ్చే గులాబి రంగు ప్యాకెట్‌నే తీసుకోండి. అందులో సరుకు మంచుకొండల మీదిది కాదు, పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్‌రా గనిది. గులాబి రంగు కాస్త ఇనుము చలవ. ఉప్పు మళ్ల గాలి పీలుస్తూ పెరిగిన మావాళ్లే, పక్కన రాశులు పోసి ఉండగా, కల్లుప్పుకి ఎన్నో రెట్లు ధర పెట్టి దాన్ని కొనుక్కుపోతారు. 2025 మేలో పాకిస్తాన్ సరుకు దిగుమతి మొత్తం ఆపేశాక ఆ ప్యాకెట్ ఎక్కణ్ణుంచి వస్తోందన్న ప్రశ్న ఇంకా రసవత్తరమైంది. కొనడానికి వచ్చినవాళ్లకి ఈ చరిత్రంతా చెప్పాలా, అడిగిన ప్యాకెట్ ఇచ్చి ఊరుకోవాలా అన్నది ధర్మసందేహం. రెండూ ఇవ్వాలన్నదే నా మతం. ముందు ప్యాకెట్, చిల్లర చేతిలో పెట్టాక చరిత్ర.