మావటివాని మీసము

భిలాయి ఉక్కు కర్మాగారమున, రైలుపట్టాల మిల్లులో ముప్పదియేండ్లకు పైగా కొలువుచేసి, కడపటి యేండ్లలో ఒకే ఖండముగా 130 మీటర్ల పొడవున వెలువడు పట్టాను సైతము వెండ్రుకవాసి వంకర లేకుండ సాగనంపినవాడనని నాలో నేను గర్వించుచు పదవీవిరమణ పొందిన నన్ను, మొన్నటి సంక్రాంతికి రెండంగుళముల కొయ్యమావటివాడొకడు ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు త్రాగించెను.

వాడు మా వివాహమైన క్రొత్తలో అత్తవారు కొండపల్లినుండి కొనితెచ్చిన అంబారీ యేనుగు మెడపై కూర్చుండువాడు. ఏటేట బొమ్మలకొలువునకు పెట్టెనుండి వెలికివచ్చుచు, మరల పాతచీరల నడుమ శయనించుచు, కాలక్రమమున కుడిచేతిని, మీసమును, ముఖవర్ణమును గోల్పోయి, ఏనుగును నడుపుమాట యటుండ, తననే ఇంకొకరు నడిపింపవలసిన దశకు వచ్చెను. “ఇంత ఉక్కు వంచిన చేతులు కదండీ, ఈ బుల్లివాడికి కాస్త రంగు పూయలేరూ?” అని మా యావిడ అనుటయే తడవుగా నేను రంగమున దుమికితిని.

కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రను ఆరవేసి, అవయవములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్దపూత పూసి, అది యారిన పిమ్మట మేకవెండ్రుకల కుంచెతో వర్ణములు దిద్దుదురని నేనెరుగుదును. ఎరుగుట వేరు, చేయుట వేరు అని మాత్రము ఎరుగనైతిని.

మొదటిదినమున గరుకు కాగితముతో పాతరంగును గీకితిని. రంగుతోపాటు ముక్కుకొనయు పోయెను. చింతపండు డబ్బా అడుగున దొరకిన గింజలను వేయించి, నానబెట్టి, నూరి, మక్కు కలిపి, క్రొత్త చేతిని అతికించితిని. అది మావటివాని భుజమునకంటె నా వ్రేళ్లకు గట్టిగ నతికెను.

ఇక ఆరుటకై నిరీక్షణ. మిల్లులో ఎర్రగ కాలిన యుక్కు ఎవరికొరకును ఆగదు. అది చల్లారులోపల పని ముగియవలెను. ఇచ్చట సర్వము తలక్రిందులు. పూత ఆరువరకు పని మొదలిడరాదు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి మూడు షిఫ్టులలో మేలుకొనియున్న ఊరిలో బ్రదికినవాడు సుద్ద ఆరుటను చూచుచు కూర్చుండుట యెట్లు? కావున పూతపూతకు నడుమ వంటయింటికి బోయి, ఒక్కొక్క అరిసె చొప్పున కాలక్షేపము చేసితిని. తత్ఫలితముగా, నేతివ్రేళ్లు తగిలిన చోటులనెల్ల సుద్ద పట్టక, మావటివాని బుగ్గలు పాతగోడల పెచ్చులవలె రాలెను.

రెండవదినమున మరల గీకుట, మరల సుద్ద, మరల అరిసెలు. మూడవదినమున ముఖమునకు గోధుమవన్నె, తలపాగకు ఎరుపు, అంగీకి పసుపు. ముందు వెడల్పు పూతలు, పిదప అంచులు, తుదకు సన్నగీతలు. పుష్యమాసపు చలికి వణకు చేతిలోని కుంచె మీసమును ఒకవైపు చెవివరకు సాగించెను. దానికి జోడుగ రెండవవైపును సాగింపగా అది ఒకింత హెచ్చయ్యెను. ఇటు సరిచేసి, అటు సరిచేసి చూచుకొనునప్పటికి, మావటివానికి మీసమున్నట్లుగాక, మీసమునకు మావటివాడున్నట్లు కాన్పించెను.

దేవతావిగ్రహములకు స్థపతి కన్నులను కడపట బంగారుసూదితో తెరచును. దానిని నయనోన్మీలన మందురు. నేను అగ్గిపుల్ల కొనతో, ఊపిరి బిగబట్టి, రెండు చుక్కలు పెట్టితిని. మొదటిది చక్కగ కుదిరెను. రెండవదానికి ఊపిరి చాలలేదు.

పేరంటమునాడు పొరుగింటి ఛత్తీస్‌గఢీ యిల్లాలు, ఏటేట పోలా పండుగకు మట్టియెడ్లను పూజించునది గనుక బొమ్మలయందు గురి గలది, మావటివానిని చాలసేపు పరికించి, “ఒక కన్ను రాములవారి మీద ఉంది, రెండోది ఎటు చూస్తోంది?” అని తన భాషలో అడిగెను. మా యావిడ ఆ రెండవకంటి చూపు వెంబడి పోయి, మెట్లకు ఎడమవైపున నున్న అరిసెల పళ్లెమును జూపి, “చేసినవారి చూపే వచ్చింది, దీదీ” అనెను.

తలుపుచాటున నిలుచున్న నేను నమలుట మానితిని.