వంటింటి అద్దకం: ఫిల్మ్‌నగర్ పద్ధతి

‘సహజ రంగులు’ అనే రెండు మాటలు ఒక దుపట్టా ధరను ఎంత పైకి లేపగలవో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి రోడ్డు నంబర్ 36 మీదుగా నడుస్తూ బొటీక్‌ల అద్దాల్లోకి చూస్తే తెలుస్తుంది. ఆ చీటీ చదివాక ఏ ఇల్లాలికైనా ఒకటే ఆలోచన. ఉల్లిపొట్టు మనింట్లో లేదా? దానిమ్మ తొక్క లేదా? పసుపు లేదా? అన్నీ ఉన్నాయి. లేనిది ఓపిక ఒక్కటే. అది లేకుండా అద్దకం ఎలా సాగించాలో కింద వివరంగా ఇస్తున్నాం.

ముందు బట్ట. కొత్తది కొనడం దండగ. ఇంట్లో మావయ్యగారి నూలు పంచెలు దొంతరగా ఉంటాయి. ఆయన కేబీఆర్ పార్కుకు వాకింగ్‌కి వెళ్లినప్పుడు ఒకటి తీసుకోండి. గంజి పెట్టిన బట్ట రంగును సమంగా పీల్చదు, మచ్చలు కడుతుంది. అందుకే పనివాళ్లు ముందు గంజి పూర్తిగా వదలగొడతారు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లయితే పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి బట్టను తెల్లబరుస్తారు. మీ బాల్కనీలో కూడా ఇది చేసి చూడవచ్చు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీ ఫ్లాట్ నంబరు ఇక ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేదు.

తర్వాత కరక్కాయ. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్ట ముంచి, పిండి, ఆరబెడతారు. కరక్కాయ వగరు తర్వాత వేసే రంగుకు పట్టు ఇస్తుంది. పాలలోని కొవ్వు కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా కాపాడుతుంది. మీ ఫ్రిజ్‌లో ఉన్నవి డాక్టరుగారు చెప్పిన కొవ్వు తీసిన పాలు. వాటితోనే కానివ్వండి. నెమలి వేయబోతే మబ్బులా పాకిపోతుంది. మోడరన్ ఆర్ట్ అనండి. ఈ చుట్టుపక్కల ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఉల్లిపొట్టు. పటిక పట్టించిన బట్టకు ఉల్లిపొట్టు ఉడికించిన నీళ్లు నిజంగానే బంగారు వన్నె ఇస్తాయి, ఇందులో వెక్కిరింత ఏమీ లేదు. ముదురు రంగు రావాలంటే బట్ట ఎంత బరువో దాదాపు అంత బరువు పొట్టు కావాలి. పావుకిలో పంచెకు పావుకిలో పొట్టు. పొట్టు తూకం మీకు తెలుసు కదా, ఉఫ్ అంటే లేచిపోతుంది. పావుకిలో పోగయ్యేసరికి ఎర్రగడ్డ రైతుబజారు నుంచి అరబస్తా ఉల్లిపాయలైనా దిగాలి, దిగినవన్నీ ఇంటిల్లిపాదీ తినాలి. కాబట్టి పొద్దున ఉల్లి దోశ, మధ్యాహ్నం ఉల్లిపాయ పులుసు, సాయంత్రం పకోడీ, రాత్రికి ఉల్లిపాయ పెరుగు పచ్చడి. పిల్లలు అలిగితే ‘హస్తకళ’ అని చెప్పండి. “ఇంతకీ పొయ్యి మీద ఉడుకుతోంది పులుసా, పంచా?” అని అత్తయ్యగారు అడిగితే మూత తీయకుండా, “రెండూ ఒకటే అత్తయ్యా, దేనికైనా సన్నని సెగే కావాలి” అనండి.

ఉల్లి తినలేని ఇళ్లకు ఫిల్మ్‌నగర్ సొంత వనరు ఒకటుంది: టీ పిప్పి. ఏ ఇంట్లో రచయితో కో-డైరెక్టరో ఉంటే ఆ ఇంట్లో స్టోరీ సిట్టింగులుంటాయి. సిట్టింగు ఉన్న చోట గంటకో విడత టీ ఉంటుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ కుదిరే లోపు పోగయ్యే పిప్పితో రెండు దిండు గలీబులు అద్దవచ్చు. సెకండాఫ్ కుదిరే లోపు కర్టెన్లన్నీ అవుతాయి. క్లైమాక్స్ మార్చాలని నిర్మాతగారు ఫోన్ చేశారా, దుప్పట్లకు పూనుకోండి. ఒక్కటే చిక్కు. మనది పాలు, చక్కెర పోసి మరగకాచిన టీ. ఆ పిప్పితో అద్దిన కర్టెన్‌కు రంగు కంటే ముందు చీమలు పడతాయి. పాలు తగలని డికాషన్ అయితే లేత గోధుమ వన్నె చక్కగా వస్తుంది, చాలాకాలం ఉంటుంది కూడా. ఎంబ్రాయిడరీ బట్ట అమ్మమ్మ కాలం నాటిదిలా కనిపించాలంటే ఇంతకంటే చవక మార్గం లేదు. తెలుపు లైట్ల కింద మరీ మెరిసి కెమెరాను ఇబ్బంది పెడుతుందని తెల్ల బట్టలను టీ నీళ్లలో ముంచడం సినిమా కాస్ట్యూమ్ వాళ్ల పాత చిట్కా. మీ ఆయన తెల్ల చొక్కా పొరపాటున అదే తొట్టిలో పడితే ఈ కారణం వాడుకోండి. ఆయన కూడా ఇండస్ట్రీ మనిషే, అర్థం చేసుకుంటారు.

ఎరుపు కోసం పెళ్లి విందుకు వెళ్లండి. కొందరు వంటవాళ్లు చికెన్ 65లో ధారాళంగా గుమ్మరించే కృత్రిమ రంగులు రసాయన శాస్త్రం లెక్కలో ఆమ్ల రంగుల జాతి. పట్టు, ఉన్ని లాంటి జంతు పోగులను అవి గట్టిగా పట్టుకుంటాయి. నూలు జోలికి పోవు. పట్టుకోవడానికి వాటికి పులుపు, వేడి కావాలి. అమెరికాలో ఉన్ని అల్లేవాళ్లు పిల్లలు తాగే కూల్-ఎయిడ్ పొడితో ఇంట్లోనే ఉన్నికి రంగు వేసుకునేది ఈ సూత్రం మీదే. ఇక బఫే దగ్గర దృశ్యం ఊహించుకోండి. పొగలు కక్కుతున్న ముక్క, పైన పిండిన నిమ్మచెక్క, ఎదురుగా కంచిపట్టు చీర. అద్దకానికి కావలసినవన్నీ ఒకే ప్లేటులో ఉన్నాయి. పక్కనే నూలు చొక్కా వేసుకున్న బావగారి మీద అదే ముక్క పడితే ఉతుకులో చాలావరకు పోతుంది. అందుకని మీరు ముందుగా నూలు జేబురుమాలు మీద ప్రయోగం చేసి, ‘ఏం కాదులే, పోతుంది’ అని ధైర్యం తెచ్చుకుని, ఆ తర్వాత వదినగారి పట్టుచీర అరువు తెచ్చుకోండి.

పసుపుకు పటిక అక్కర్లేదు, కరక్కాయ అక్కర్లేదు. నూలును చూడగానే అంటుకుంటుంది. కొత్త బట్టలకు ఒక అంచున పసుపు పెట్టే ఆచారం ఉన్న మనకు ఇది కొత్త సంగతి కాదు. అద్దిన రోజు ఆ పచ్చదనం చూసి చుట్టాలకు ఫోటోలు పంపండి, ఎందుకంటే తర్వాత పంపడానికి ఏమీ మిగలదు. ఎండ తగిలితే పసుపు రంగు విరిగిపోతుంది. సబ్బు తగిలితే అసలు ఎరుపుకే తిరుగుతుంది. కాళ్లకు పారాణి పెట్టేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది ఇలాగే. క్షారం పసుపును ఎరుపు చేస్తుంది, నిమ్మరసం మళ్లీ పచ్చగా మారుస్తుంది. పసుపు అద్దిన తెల్ల పంచెను వాషింగ్ మెషిన్‌లో వేసి, కుంకుమ రంగులో బయటికి తీసి, నిమ్మకాయ పిండి పచ్చగా మార్చి చూపించండి. భక్తి సినిమాకు ఉచితంగా దొరికిన గ్రాఫిక్స్. మావయ్యగారికి మాత్రం ఏ రంగు దగ్గర ఆపాలో ముందే అడగండి.

బీట్‌రూట్ గురించి ఒక్క మాట చాలు: ఉతికితే పోతుంది. పాలకూరా అంతే.

నలుపు పెద్ద పని, ఇష్టమైన పని కూడా. కలంకారీ వాళ్లు దీనికి కసిమి కడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. పులిసిన బెల్లం నీళ్లలో పుట్టే ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఆ నీళ్లకు చూడటానికి పెద్ద రంగేమీ ఉండదు; కరక్కాయ పట్టిన బట్టను తాకితే మాత్రం కాటుక నలుపు తేలుతుంది. జూబ్లీహిల్స్‌లో తుప్పు దొరకడం కష్టం, కృష్ణానగర్ వైపు పాత సామాన్ల దుకాణాల్లో వెతకండి. కుండను ఆవకాయ జాడీ పక్కనే పెట్టండి. పైన పేరు రాయకండి, ఇంట్లో కాస్త ఉత్కంఠ ఉండాలి. వారం తిరిగేసరికి కల్లు వాసన వస్తుంది, మావయ్యగారి పాత స్నేహితులు పరామర్శకు వస్తారు. అన్నాళ్లు ఆగలేం అనే వారికి ఒక లెక్క. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైంది 2010లో. ఘటోత్కచుడి లడ్డూలు రంగు కోసం 53 ఏళ్లు వేచి ఉన్నాయి.

చివరికి ఉతుకు. అంటుకోని రంగు, పటిక పక్క బట్ట మీదికి చేరకుండా కొట్టుకుపోవాలంటే పారే నీళ్లు కావాలి. శ్రీకాళహస్తి వాళ్లకు స్వర్ణముఖి నది ఉంది. ఎండాకాలం జూబ్లీహిల్స్‌లో పారే నీరంటే ట్యాంకర్ పైపు కారుతున్న నీరే, ఆ నాలుగు నిమిషాల్లో పని కానివ్వండి. శ్రీకాళహస్తిలో ఒక్క బట్టను కరక్కాయ, కసిమి, పటిక, ఎరుపు, పసుపు, నీలి అని వరసగా తడుపుతూ, ఉతుకుతూ, ఆరేస్తూ వారాల తరబడి సాగదీస్తారు. అడుగంటిపోతున్న ఆ పనికి 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. ఆ ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇంత జరిగాక కూడా బొటీక్ చీటీలో కనిపించేది ధర ఒక్కటే.

మా తీర్పు ఇది. ఇంట్లో చేసుకోవాలనుకుంటే దానిమ్మ తొక్క, కరక్కాయ, పటికతో మొదలుపెట్టండి. అవి మాట తప్పవు. పసుపు ఒక్క పూట వేడుక. అసలైన కలంకారీ కావాలంటే లేపాక్షికో, గోల్కొండ షోరూంకో వెళ్లి, చేతిపనా, స్క్రీన్ ప్రింటా అని అడిగి మరీ కొనండి.

ఇక వెక్కిరింత పక్కన పెట్టి ఒక్క మాట. పటిక, ఇనుము, రంగులు ఉడికించిన గిన్నెలో, గరిటెతో మళ్లీ అన్నం, పప్పు వండకండి. దానికో పాత గిన్నె వేరుగా పెట్టుకోండి, కసిమి కుండ మీద పేరు రాయండి, పిల్లలకు అందకుండా ఉంచండి.